పలచబడిన పాపిట

ఆ ఫర్నిచరు షోరూంలో అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించే బల్ల ఆమెది. వచ్చినవాళ్ళను నవ్వుతూ పలకరించి, ఇంట్లో గది ఎంత ఉంటుందో కనుక్కుని, ఏ మంచం పడుతుందో ఏది పట్టదో అక్కడికక్కడే చెప్పేసేది. ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్ళ చేత కూడా ఓ కుర్చీ అయినా కొనిపించి పంపేది. అటువంటి మనిషి బల్ల దగ్గరికి ఒక ఉదయం మేనేజరు వచ్చి, ముందు పైనున్న లైటు వంక, తర్వాత ఆమె తల వంక చూశాడు.

"రేపట్నుంచి నువ్వు గోడౌన్లో సరుకు చూసుకో."

"నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా సార్?"

"పొరపాటని కాదు. ఆ లైటు కింద నీ నడినెత్తి అద్దంలా మెరుస్తోంది. వచ్చినవాళ్ళు సోఫాలు చూడాలా, నీ తల చూడాలా?"

పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. మేనేజరు నెత్తిన మచ్చుకైనా ఒక వెంట్రుక లేదు. ఆ సంగతి మాత్రం అక్కడ ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

మగవాడికి బట్టతల వస్తే వయసు మీద పడిందంటాం, పెద్దరికం వచ్చిందంటాం. ఆడదాని పాపిట కాస్త వెడల్పయితే మాత్రం ఆ తల ఊరందరి సొత్తయిపోతుంది. ఎవరికి తోచిన మాట వాళ్ళు అనవచ్చు.

ఇంట్లో పరిస్థితి మరీ ఘోరం. "ఇల్లు ఊడిస్తే రోజుకో సవరం అల్లొచ్చు" అని భర్త వచ్చినవాళ్ళ ముందు హాస్యాలాడేవాడు. అతని అక్క అదే వీధిలో బ్యూటీ పార్లరు నడుపుతూ, సొంతంగా కాచిన నూనె అమ్మేది. మూడేళ్ళుగా ఆ నూనే ఈమె తలకు పట్టించింది. ఎందుకు తగ్గలేదని అడిగితే, "మనసులో కుళ్ళు పెట్టుకుంటే నూనేం చేస్తుంది?" అనేది.

గోడౌనుకు తోసేసిన రోజునే ఆమె ఎవరికీ చెప్పకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి.

"మూడేళ్ళూ ఏం చేశారు?"

"నూనె రాశానండి."

"అంటే మూడేళ్ళు పోగొట్టుకున్నారు."

రక్తపరీక్షలు చేయించింది. పాపిట ఫొటో తీసి ఉంచింది. "ఇది ఒంటి తత్వాన్ని బట్టి వచ్చేది. మీ తప్పేం లేదు. తలకు రాసే మందిస్తాను, రోజూ రాయాలి. గర్భం కోసం చూస్తున్నా, వచ్చినా వెంటనే నాకు చెప్పాలి. ఇంకో మాట వినండి. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలవచ్చు. పాతవి పోయి కొత్తవి రావడానికే అది. అప్పుడు బెదిరి మానేయకండి. నెలలు పడుతుంది."

అన్నట్టే అయింది. దువ్వెన నిండా వెంట్రుకలే. ఆడపడుచు ఒకనాడు స్నానాలగది జాలీలో చేరినవన్నీ కాగితంలో పోగుచేసి తెచ్చి, హాల్లో తమ్ముడి ముందు పడేసింది.

"చూశావట్రా తమ్ముడూ, నీ పెళ్ళాం మందు మహిమ!" అంటూనే స్నానాలగదిలో కంటబడిన మందు సీసా తెచ్చి సింకులో ఒంపేసింది.

"నా మందు పారబోయడానికి మీరెవరు వదినా?"

"అక్కతో మర్యాదగా మాట్లాడు" అని భర్త కసిరాడు.

"నా తల గురించి మీరు వాగొచ్చు, మీ అక్క వాగొచ్చు. నేను మాత్రం నోరెత్తకూడదా?"

ఆ సాయంత్రమే ఇంకో సీసా కొనుక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. గోడౌన్లో ప్లైవుడ్ దుమ్ము, ఉక్కపోత, వెనకాల "గుండు మేడమ్" అన్న గుసగుసలు. మందు రాస్తూనే ఉంది. నెలలు గడిచినా పాపిట అలాగే ఉంది. ఓ రోజు ఉండబట్టలేక డాక్టరమ్మ మీద విరుచుకుపడింది.

"ఒక్కటీ మొలవలేదు! నన్నెందుకు మోసం చేస్తున్నారు?"

"రాలడం తగ్గిందా?"

ఆమెకు పొద్దుటి దువ్వెన గుర్తొచ్చింది. "తగ్గింది."

"ముందు ఉన్నది నిలవాలి, తర్వాతే కొత్తది. మీ కోపానికి భయపడి వెంట్రుక బయటికి రాదమ్మా."

ఆరు నెలలు దాటాక ఒక ఉదయం అద్దంలో పాపిట పక్కన సన్నటి నూగు కనిపించింది. ఆమె వేలితో తడిమి చూసుకుని, తలుపు గడియ వేసుకుని తనివితీరా ఏడ్చింది. పడుచుదనంలో ఉన్నంత జుట్టు తిరిగి రాలేదు. అంత వస్తుందని డాక్టరమ్మ అననూలేదు. పాపిట సన్నబడింది, చర్మం కనిపించడం తగ్గింది. మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందని తెలుసు గనుక మందు మాత్రం ఆపలేదు.

ఒకనాడు ఆడపడుచు వీధిలో వెళ్తున్న ఆమెను లోపలికి పిలిచి, పార్లరుకు వచ్చినవాళ్ళకు చూపించి, "మా నూనె ఇప్పటికి ఒంటబట్టింది" అంది.

"మీ నూనె రాసినన్నాళ్ళూ ఊడింది వదినా. మీరు సింకులో పోసిన మందుతో నిలిచింది. అది కూడా చెప్పండి వీళ్ళకు" అందామె. నూనె సీసా పట్టుకున్న ఒకావిడ దాన్ని మెల్లగా కింద పెట్టేసింది.

ఆ వారంలోనే మేనేజరు గోడౌనుకు వచ్చి పళ్ళికిలించాడు. "ఇప్పుడు బావున్నావ్. రేపట్నుంచి ముందు బల్ల దగ్గరికి వచ్చెయ్."

"వస్తాను సార్, ఆ పని నాకు వచ్చు గనక. పోయినేడూ అంతే వచ్చు. జుట్టు కోసం ఓపిక పట్టాను గానీ, మీకు సిగ్గు వచ్చేదాకా ఓపిక పట్టడం నా వల్ల కాదు. ఇంకెవరి తల గురించైనా నా ముందు నోరు జారితే, మీ పైవాళ్ళ దగ్గర మాట్లాడతాను."

అతను తలూపి వెళ్ళిపోయాడు. క్షమించమని అడగలేదు. ఆమె భర్త, ఆడపడుచు కూడా అడగలేదు. అటువంటివాళ్ళు అడగరు.

జుట్టు పలచబడటం వైద్యం చేయించుకోవలసిన ఒక సమస్య. మందు డాక్టరు ఇస్తారు, నెలల తరబడి ఓపిక ఆ మనిషే పడుతుంది. చుట్టూ ఉన్న మనం నోరు అదుపులో పెట్టుకుంటే చాలు.