వంటింటి స్పీకర్లు

హజరత్తయ్య ఆ పొద్దు లేచినప్పటి నుంచీ ఒక్కటే కోరుకుంటున్నాడు. మద్రాసు నుంచి వచ్చే మనిషి డిస్కుల్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, గీతలు లేవని తృప్తిపడి, డబ్బిచ్చి పట్టుకుపోవాలి. పెట్టి వినిపించమని మాత్రం అడగకూడదు.

ఎందుకంటే హజరత్తయ్యకు వినపడదు. కుడిచెవి పోయి మూడేళ్లయింది. ఎడమది నిరుటి నుంచి పోతూ ఉంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి, వినపడిన ముక్కకు వినపడని ముక్క అతికించుకుని ఎలాగో నెట్టుకొస్తున్నాడు. పాట అలా అతికేది కాదు. ఇప్పుడు ఏ పాట పెట్టినా అతనికి పక్కవీధిలో పిండిమర ఆడుతున్నట్టే ఉంటుంది. ఈ సంగతి సూళ్లూరుపేటలో ఎవరికీ తెలియదు. ముఖ్యంగా భార్య రాఘవమ్మకు తెలియదు. అలాగని అతని నమ్మకం.

నలభై ఏళ్లు బోటింజన్లూ పంపుసెట్లూ బాగుచేసి బతికిన మనిషి. షెడ్డు గుమ్మంలో నిలబడే, లోపల ఆడుతున్న ఇంజన్లో ఏది అరిగిందో చెప్పేవాడు. పులికాట్ ఒడ్డు జాలర్లు ఇంజను విప్పించే ముందు దాన్ని ఒకసారి హజరత్తయ్య చెవిన వేయించేవాళ్లు. ఆ పేరు తెచ్చిపెట్టింది ఆ ఇంజన్లే, చివరికి ఆ చెవుల్ని తినేసిందీ అవే.

ఇరవై ఏళ్ల కిందట ఒక ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ తన సరౌండ్ సెట్టు అతనికి అమ్మాడు. ఐదు స్పీకర్లు, ఒక ఊఫరు, ప్లేయరు, పదకొండు డిస్కులు. మామూలు సీడీలో పాట ఎదురుగా నిలబడి పాడుతుంది. ఈ డిస్కుల్లో అయితే గొంతు ముందునుంచి, తాళం వెనకనుంచి, పక్కవాద్యాలు పక్కల నుంచి వచ్చి మనిషిని కచేరీ నడుమ కూర్చోబెడతాయి. హజరత్తయ్యకు పిచ్చి పట్టింది. కొన్నాళ్లకు కంపెనీలు ఆ డిస్కులు వేయడం మానుకున్నాయి. దాంతో పిచ్చి ముదిరింది. మద్రాసు పాత సామాను కొట్లలో, సింగపూరు వెళ్లొచ్చే వాళ్ల పెట్టెల్లో, ఫోన్లో అమ్మేవాళ్ల దగ్గర వెతికి వెతికి నూట నలభై ఆరు పోగుచేశాడు. పాటంటే చెవి కోసుకునే మెకానిక్కని ఊరంతా నవ్వింది. మార్కెట్లో దొరకని సరుకు కావడంతో, వెయ్యికి కొన్నది ఇప్పుడు పాతిక వేలంటుంటే ఆ నవ్వినవాళ్లే వచ్చి పెట్టెలు చూసిపోతున్నారు.

రాఘవమ్మతో మాత్రం, "వచ్చే నెల కంపెనీవోళ్లు మళ్లీ వేస్తారంట. అప్పుడింక వీటినెవురూ అడగరు. రేటున్నప్పుడే అమ్మేద్దాం" అన్నాడు. అదీ నిజమే. కానీ అసలు నిజం అది కాదు. ఏడాదిగా రోజూ సాయంత్రం, ఆమెకు అనుమానం రాకూడదని, కుర్చీలో కూర్చుని వినపడని పాటకు తల ఊపుతున్నాడు. ఇంజను మొత్తం విప్పి బిగించినా అంత అలసట ఉండేది కాదు. డిస్కులు పోతే ఆ నాటకం కూడా పోతుంది. అతనికి కావలసింది అదే.

సుకుమార్ పది గంటల బండికి దిగాడు. నలభై ఏళ్లుంటాయి. ఇలాంటి డిస్కులు కొని, వెతుక్కునేవాళ్లకు అమ్ముకోవడమే అతని పని. డిస్కులున్న తెల్లటి థర్మాకోల్ పెట్టెల్ని చూసి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇవి చేపలకి వాడేవి గదా సార్?"

"కొత్తవే తెచ్చినా నాయనా. చేప తగల్లేదు. ఉప్పుగాలికి ఇంతకంటే మంచి పెట్టె లేదు ఈ పక్క."

సుకుమార్ ఒక్కో డిస్కునూ కిటికీ దగ్గర తిప్పి చూశాడు. గీత లేదు, మచ్చ లేదు. హజరత్తయ్యకు ఊపిరి తిరిగింది. అంతలో అతను నవ్వుతూ, "రెండు పెట్టి విందామా సార్. నేను కొనేవాళ్లకి మాటివ్వాల గదా" అని వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ కుర్చీ కదలదు. ఐదు స్పీకర్ల శబ్దమూ సరిగ్గా కలిసేచోట హజరత్తయ్య దాన్ని నేలకు బోల్టులు వేసి బిగించాడు. హాలు చిన్నది కావడంతో కుర్చీ వీపు, ఒక మనిషి పట్టేంత సందు వదిలి, వంటింటి గుమ్మం ముందుకొచ్చింది. వెనక స్పీకర్లు రెండూ వంటింట్లోకి పోయి, అటక మీద పప్పుడబ్బాల పక్కన కూర్చున్నాయి. అప్పట్లో రాఘవమ్మ రెండు రోజులు సణిగి ఊరుకుంది.

హజరత్తయ్య డిస్కు పెట్టి సుకుమార్ మొహం చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి సుకుమార్ నొసలు ముడిపడింది. ఇంకోటి పెట్టమన్నాడు. మళ్లీ అదే ముడి. మూడోది సగంలో ఆపేసి ఇటు తిరిగాడు.

"వెనక ఎడమపక్కది పలకటంలా సార్. సెట్టు ఏమన్నా చెడిందా?"

అప్పుడే ఒప్పుకుని ఉంటే పోయేది. కానీ హజరత్తయ్యకు ఇంజను విన్న రోజులు గుర్తొచ్చాయి. అభిమానం చంపుకోలేకపోయాడు.

"సెట్టుకేం? నిన్న సాయంత్రం గూడా ఇన్నా. బ్రహ్మాండంగా పలికింది."

సుకుమార్ పెదవి విరిచాడు. "అట్టయితే లోపం డిస్కుల్లోనే ఉండాల. సముద్రపు గాలికి లోపలి పొర పోతుంది సార్, పైకి తెలవదు. మూడు పెడితే మూడూ ఇట్టనే ఉంటే మిగతావి ఎట్ట నమ్మేది? సగం రేటుకైతే తీసుకుంటా. అది గూడా మీరు పెద్దాయనని."

తన డిస్కుల్లో ఏ లోపమూ లేదని హజరత్తయ్యకు తెలుసు. ఆ మాట అనాలంటే సెట్టు చెడిందనాలి. సెట్టు చెడిందంటే, నిన్న సాయంత్రం తానేం విన్నాడో చెప్పాలి. ఇరవై ఏళ్ల కష్టం సగానికి పడిపోతున్నా ఆ ఒక్క మాటకు నోరు రాలేదు. ఇంకా సాగదీసే ఓపికా లేదు.

"సరే, సగానికే తీసుకో" అన్నాడు.

వెనక ఎవరో కదిలినట్టయి సుకుమార్ లేచి చూశాడు. రాఘవమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, హజరత్తయ్యకు తన మొహం కనపడేలా నిలబడింది.

"డిస్కుల్లో ఏం లేదు నాయనా. ఎడమ స్పీకరు వైరు ఎలక కొరికింది. వినాయక చవితి నాడు."

సుకుమార్ స్టూలెక్కి అటక మీద చూశాడు. తెగిన కొసలు రెండూ చాకుతో చెక్కి మెలిపెట్టి దిగాడు. మూడో డిస్కు మొదటినుంచి పెట్టారు. రాఘవమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి, "రెండో చరణం రానీ. ఎడమపక్క డప్పు లేస్తది. కుడిపక్క చప్పట్లు. మళ్లీ రెండూ పక్కలు మారతాయి" అంది.

కొంతసేపటికి సుకుమార్ ఆమె వైపు నోరు తెరుచుకుని చూశాడు. "అమ్మా, మీకిదంతా ఎట్ట తెలుసు?"

"వాటి కిందే గదా నేను వంట జేసేది."

హజరత్తయ్య లెక్క వేసుకుంటున్నాడు. వినాయక చవితి పోయి మూడు నెలలు. మూడు నెలలుగా ఎడమపక్క మూగబోయి ఉంటే తాను రోజూ కుర్చీలో కూర్చుని తల ఊపాడు. ఆమె రోజూ వెనక నిలబడి చూసింది. ఆమె వంటింట్లోంచి కేకేసి పిలవడం ఎప్పుడు మానేసిందో ఇప్పుడు గుర్తొచ్చింది. ఏడాది పైనే అయింది. ఏం చెప్పాలన్నా వచ్చి ఎదురుగా నిలబడే చెబుతోంది. ముసలితనంలో ప్రేమ ఎక్కువైందనుకుని మురిసిపోయాడు, మతిలేని మనిషి.

"నీకు తెలుసునా?" అన్నాడు.

"తెలుసు."

"మరి వైరు తెగిందని చెప్పలా?"

"చెప్తే, నీకు ఇనపడటంలేదని గూడా చెప్పినట్టే గదయ్యా. నువ్వంత కష్టపడి దాస్తా ఉంటివి."

హజరత్తయ్యకు సిగ్గు వేసింది. ఆ తర్వాత ఒళ్లంతా వదులైపోయింది.

సుకుమార్ ఇబ్బందిగా కదిలి, ఇక డిస్కులకు పూర్తి రేటే ఇస్తానన్నాడు. మిగతావి కొన్ని చూడాలి, అమ్మ చెవే గట్టిది గనక ఆమెనే కూర్చోమన్నాడు. రాఘవమ్మ వద్దు వద్దంటూనే వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అననూ లేదు.

అదే పాట మళ్లీ మొదలైంది. ఆమె మొహంలో ఏదో మారింది. కళ్లు పెద్దవయ్యాయి. హజరత్తయ్య వైపు తిరిగి, అతనికి అర్థమయ్యేలా నిదానంగా అడిగింది.

"ఇది పాడేది ఆడమనిషా?"

"అవును."

"కుక్కరు మోతలో నాకు డప్పు, వెనకపాట పాడే మగోళ్లు, అంతే ఇనపడేది. ఇదేందో మగోళ్ల భజననుకుంటి ఇన్నాళ్లూ. ఎంత మెత్తగా పాడతా ఉందీ పిల్ల."

ఇరవై ఏళ్లలో ఒక్కసారి, ఒక్క పాటకైనా, ఇట్టా వచ్చి కూర్చోమని తాను అనలేదు. ఒంటరిగా వింటున్నానని, ఈ ఇంట్లో పాట తెలిసినవాళ్లు లేరని తనలో తనే బాధపడేవాడు కూడా. హజరత్తయ్యకు కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు. పెట్టెలు సర్దుతున్న సుకుమార్ చేయి పట్టుకున్నాడు.

"ఇయ్యాళ కాదు నాయనా. నూట నలభై ఆరు ఉండాయి. ఆమె అన్నీ ముందరి నించి ఒకసారి వినాల."

"వచ్చే నెలకి ఈ రేటుండదు సార్. మళ్లీ వేస్తే పదో వంతుకి గూడా నేను తీసుకోలేను. చెప్పలేదనొద్దు."

"పోతే పోనీ."

"మరి మీరు వినేది..."

"నాకు చెవుడు నాయనా" అన్నాడు హజరత్తయ్య. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

సుకుమార్ రెండు గంటల బండి ఉందని చెప్పి వెళ్లిపోయాడు. హజరత్తయ్య ఆ పాటే మళ్లీ మొదటినుంచి పెట్టాడు. రాఘవమ్మ లేవలేదు. ఈసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఒకసారి మాత్రం మెడ తిప్పి, "పొయ్యి మీద పులుసుంది. కాస్త దించు" అంది.

హజరత్తయ్య వంటింట్లోకి వెళ్లి పులుసు దించాడు. తర్వాత స్టూలెక్కి, నడుస్తున్న ఇంజను మీద చేయి వేసి చూసినట్టు ఎడమ స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు ఏమీ లేదు. రెండో చరణం వచ్చినట్టుంది, అరచేతి కింద డప్పు తగిలింది. కుడి చెయ్యి చాచి రెండోదాని మీద వేశాడు. చప్పట్లు అటున్నాయి. రెండూ పక్కలు మారేదాకా అలాగే నిలబడ్డాడు.