తొమ్మిదో ప్రశ్న

రాయగడ ఆసుపత్రిలో కీమో ఎక్కించే గది. నా తోడికోడలు సత్యవేణికి రొమ్ము కేన్సరు. నాలుగోసారి మందు ఎక్కించుకోడానికి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది. నెల రోజులుగా సరిగా తిండి లేదు, మాట లేదు. సస్మిత అనే నర్సు ప్రశ్నల కాగితం తెచ్చింది. సత్యవేణికి గుణుపూరు సంతలో బేరమాడేంత ఒడియా వచ్చు, అంతే. నర్సు అడిగింది తనకి తెలుగులో, తను అన్నది నర్సుకి ఒడియాలో నేనే చెప్పాలి.

"నిద్ర పడుతోందా?"

"పట్టదని సెప్పు."

"పనుల మీద ధ్యాస ఉంటోందా?"

"ఏటి పని? జుత్తు ఊడిపోనాది, దువ్వుకునే పని కూడా లేదు."

నవ్వానుగానీ, కాగితం చివరనున్న ప్రశ్న అప్పటికే చదివేశాను. తొమ్మిదోది. బతకడం కంటే చనిపోతే నయమనిపిస్తోందా?

అడిగాను. సత్యవేణి గోడకేసే చూస్తూ చెప్పింది.

"రోజూ అనిపిస్తందక్కా."

నర్సు నా మొహంలోకి చూసింది. నా చిన్నప్పుడు మా పెద్దమ్మ కూతురు కుంతి ఇలాంటి మాటే అంటే, పిచ్చాసుపత్రికని జీపెక్కించారు. మళ్ళీ దాన్ని చూడలేదు. ఇప్పుడు ఈ మాట రాసుకుంటే కీమో ఆపేస్తారేమో. దీన్నీ ఎక్కడికో పంపేస్తారేమో.

"లేదంటోంది," అన్నాను.

నర్సు గీత పెట్టుకుని పక్క మంచానికి వెళ్ళింది. సత్యవేణి నావైపు తిరిగింది. తనంతట తను తిరిగి ఎన్నాళ్ళయిందో.

"సెప్పేవా?"

"ఆఁ."

"ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. నీకూ సెప్పలేదు. ఏటన్నాదక్కా సిస్టరమ్మ? దీనికి మందున్నాదంటా?"

తన దుప్పటి సర్దాను.

"ఏటీ అన్లేదా?" అంటూ మళ్ళీ గోడవైపు తిరగబోయింది.

"ఉండు, అడిగొస్తాను."

పక్క మంచం దగ్గరికెళ్ళి సస్మితకి చెప్పేశాను. "అబద్ధం చెప్పాను. రోజూ అనిపిస్తోందంది. దీన్నెక్కడికీ పంపెయ్యకండమ్మా."

ఆ పిల్ల కోప్పడలేదు. "పంపం, పిన్నీ. కీమో ఆగదు. ఈ జబ్బులో చాలామందికి ఇలా అవుతుంది. దానికీ వైద్యం ఉంది. మనసు డాక్టరుకి ఈ రోజే చూపిద్దాం."

వచ్చి సత్యవేణి పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంకొకటి అడగాలి. ఈసారి ఒక్క మాట తగ్గించకండి. ప్రాణం తీసుకోవాలని ఏమైనా చూసిపెట్టుకుందా?"

ఆ మాట నా నోటితో అడగాలి. అడిగాను.

"కొట్టుగదిలో పొలం మందు డబ్బా ఉన్నాది గదక్కా," అని మొదలుపెట్టింది సత్యవేణి. ఆగి ఆగి చెప్పింది. నేను ఏడుస్తూనే అంతా ఒడియాలో చెప్పాను.

"ముందు ఇంటికి ఫోను చెయ్యండి," అంది సస్మిత.

సత్యవేణి మొగుడు, మా మరిది మహేశ్వరరావు, ఎత్తాడు. కొట్టుగదిలో మందు డబ్బా ఇప్పుడే తీసుకెళ్ళి ఎవరింట్లోనైనా పెట్టమన్నాను.

"ఇప్పుడా? ఎందుకు వొదినా? ఏటయ్యింది?"

సత్యవేణి సూది లేని చెయ్యి చాచింది.

"ఇలాగియ్యి. నాను సెప్తాను."