ఫ్లెక్సీ వెనక గూడు

హనుమాండ్లు ఇనుప ఫ్రేముకు తీగ బిగిస్తుండగా గద్ద మళ్లీ వచ్చి తల మీద తన్నింది. చెవి వెనకగా నెత్తురు కారింది. అతను విసుక్కోలేదు. ఫ్రేముకూ నీళ్ల ట్యాంకుకూ మధ్య, పుల్లలతో కట్టిన గూటిలో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

అమీర్‌పేటలో అదొక లేడీస్ హాస్టల్ డాబా. ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టాలన్నా హనుమాండ్లే ఎక్కుతాడు. చదువు రాదు. ఏ గోడ ఎంతుందో కాంట్రాక్టరుకు చూపడానికి మొదట్లో డ్రాయింగ్ పుస్తకంలో గీసేవాడు. గోడలు గీస్తుంటే పగుళ్లలోని మొక్కలూ వచ్చి చేరాయి. తర్వాత పంజాగుట్ట ఫ్లైఓవర్ కింది పావురాలు, కూల్చబోయే పెంకుటిళ్లు. భార్య పోయాక, పని అయ్యాక గీసుకునే ఆ కాసేపే అతనికి తనదనిపించే సమయం.

ఫ్లెక్సీ కట్టి, డాబా మీదే ట్యాంకు పక్కన కూర్చుని పుస్తకం తెరిచాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు. కర్రలతో కొందరు కుర్రాళ్లు పైకొచ్చారు.

"ఎవర్రా ఇది కట్టింది? వెనక బిల్డింగు మీది మా అన్న ఫోటో కనవడకుండ జేస్తవా?"

"నాకేం ఎరుకన్నా? కట్టమన్నరు, కట్టిన."

కర్ర పక్కటెముకల మీద పడింది. మోకాళ్ల మీద కూలాడు. బూటుకాలు కడుపులో దిగింది. ఒకడు ఫ్రేమును పట్టి ఊపాడు. గూటి పుల్లలు రాలాయి.

"పీకి కిందికి ఇసిరేయున్రి!"

హనుమాండ్లు పాకుతూ వెళ్లి ఫ్రేము పట్టినవాడి కాళ్లు చుట్టేశాడు.

"ఒద్దన్నా! గూట్ల పిల్లలున్నయ్. ఫ్లెక్సీ నేనే ఇప్పేస్త. ఫ్రేము ముట్టకున్రి."

వీపు మీద ఇంకో నాలుగు పడ్డాయి. అయినా వదల్లేదు. చివరికి లేచి, ఫ్లెక్సీ తీగలు కోశాడు. వాళ్లు ఫ్లెక్సీని చీల్చి తొక్కి దిగిపోయారు.

కేకలు విని హాస్టల్ వంటమనిషి రాగసుధ పరుగెత్తుకొచ్చింది. అతను భుజం మీది నీలిగళ్ల తువ్వాలుతో నోటి నెత్తురు తుడుచుకుని పక్కన పడేశాడు.

"గిదేందన్నా! లే, దవాఖానకు పోదాం."

"పోదాం చెల్లె. జర ఆగు. తల్లి ఇప్పుడే వాలింది, రెక్క గీసుకోనియ్."

ఆమె ఆటో కోసం కిందికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి అతని తల ట్యాంకుకు ఆని ఉంది. పెన్సిలు వేళ్ల మధ్యే ఉంది. కళ్లు గూటివైపే. "అన్నా" అని కుదిపింది. బరువుగా ఆమె భుజం మీదికి ఒరిగాడు.

సాయంత్రానికి అతన్ని దించుకుపోయారు. మనుషులంతా వెళ్లాక గద్ద డాబా మీద వాలి, తువ్వాలును కాళ్లతో లాక్కుపోయి గూటిలో పరిచింది. నీలిగళ్ల చెంగు ఒకటి ఫ్రేము మీంచి వేలాడుతూ, నెత్తురు ఆరిన చోట గట్టిపడి, గాలికి ఊగుతూ ఉంది.