బ్రేకుల బుచ్చన్న

బుచ్చిరాములు స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేసి బ్రేకు తొక్కాడు. కారు ఎటూ జరగకుండా నిలబడింది. పక్క సీట్లో ఉన్న కొండల్ సారు మాత్రం ముందుకు తూలి డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. పొద్దున ఎనిమిదిన్నరకు మెట్‌పల్లి బస్టాండు రోడ్డు మీద ఇలా చేసి కూడా బతికి ఉండటం అదృష్టం. బుచ్చిరాములు మాత్రం దాన్ని ఇరవై రెండేళ్లుగా తన పనితనమే అనుకుంటున్నాడు.

“తొక్కుడు గట్టిగనే ఉంది సారూ. పక్కకు గుంజుతలేదు. మాడు వాసన లేదు. ఇంకేం గావాలె?”

“సన్నగ సప్పుడొస్తుంది బుచ్చన్నా, తొక్కినప్పుడల్లా. మా అవ్వకైతే పండ్లు జివ్వుమంటున్నయంట.”

వెనక సీట్లో కూర్చున్న కొండల్ తల్లి అనసూర్య తల ఊపింది. బుచ్చిరాములు అద్దం దించి, చెవి బయటికి పెట్టి ఇంకో రెండుసార్లు తొక్కాడు. ఏమీ లేదు.

“దుమ్మమ్మా. జర వాన వడితే అదే పోతది.”

షెడ్డు దగ్గరికొచ్చి బానెట్ ఎత్తాడు. బ్రేకు ఆయిల్ వేలెడు తగ్గి ఉంది. పోశాడు, మూత బిగించాడు, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. కొండల్ ఇంకా అక్కడే నిలబడ్డాడు.

“ఆసిఫాబాద్ పోతున్నం, మా చెల్లె ఇంటికి. జైనూర్ దాటినంక కెరమెరి ఘాటు రోడ్డు దిగాలె. ఒక్కసారి చక్రం ఇప్పి చూస్తవా?”

బుచ్చిరాములుకు చిరాకేసింది. చక్రం విప్పితే ఎవడైనా చెబుతాడు. విప్పకుండా కాలితో, ముక్కుతో, చెవితో చెప్పేవాడనే కదా ఊరు తనను బ్రేకుల బుచ్చన్న అంటోంది! ఆ పేరు తప్ప చెప్పుకోవడానికి అతనికి వేరే ఏముంది? పొట్టి మనిషి, ఒక భుజం కిందికి జారి ఉంటుంది, యాభై ఎనిమిదేళ్లకే వీపు వంగింది.

“ఫికర్ చేయకు సారూ, పోయి రాండ్రి,” అన్నాడు. కారు వెళ్లిపోయింది.

బ్రేకుల కంటే ముందు అతనిది సిరిసిల్ల. పదిహేనేళ్లు సాంచాల మీద గుడ్డ నేశాడు. ముప్పై మరమగ్గాలు ఒకేసారి ఆడే షెడ్డులో నోరు చించుకున్నా మాట వినపడదు కాబట్టి, అక్కడివాళ్లంతా పెదవులు చూసి మాట్లాడుకుంటారు. కిష్టవ్వ అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. పెళ్లికి ఒప్పుకున్న మాట కూడా అతను ఆమె పెదవుల మీదే చదువుకున్నాడు. ఆ అలవాటు పోలేదు. ఎవరు మాట్లాడినా మొహంలోకే చూస్తాడు. ఎంత మర్యాదగా వింటాడో అని గిరాకీలు మెచ్చుకుంటారు. ఇంట్లో మొగుడూపెళ్లాల టీవీ మోతకు పక్కింటివాళ్లు గొడవపడితే, అది ఓర్వలేనితనమని ఇద్దరూ తేల్చేసుకున్నారు.

పన్నెండింటికి ఆసుపత్రి నర్సు వనజ పాత చిన్న కారు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. అప్పుడు జరిగింది. పక్కనే ఉన్న టైర్ల దుకాణం అతను మొహం చిట్లించాడు. రోడ్డు దాటుతున్న ఒకామె చెవి మీద చేయి పెట్టుకుంది. నలుగురైదుగురు ఒకేసారి కారు వైపు తిరిగి చూశారు. బుచ్చిరాములు ఒక్కడే వాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఏమైంది?”

“అదేందన్నా, గంత కూత వెడ్తుంటే ఇనవడ్తలేదా?” అంది వనజ.

అతను కారును మెల్లగా ముందుకు పోనిమ్మని, తలుపు మీద అరచేయి పెట్టి పక్కనే నడిచాడు. ఆమె బ్రేకు తొక్కినప్పుడల్లా రేకులో సన్నని వణుకు అరచేతికి తగులుతోంది. చెవికి మాత్రం ఏమీ లేదు. వెనక చక్రం కింద ఇటుక అడ్డం పెట్టి, జాకీతో లేపి ముందు చక్రం విప్పాడు. బ్రేకు ప్యాడు అరిగి అరిగి పలచబడింది. దాని అంచున ఉన్న చిన్న ఇనుప రేకు డిస్కుకు రాసుకుంటోంది. ప్యాడు అయిపోవచ్చిందని కూత పెట్టి చెప్పడానికే పెట్టిన రేకు అది.

బానెట్ ఎత్తి చూశాడు. ఆయిల్ వేలెడు తగ్గి ఉంది.

ప్యాడు అరిగిన కొద్దీ ఆయిల్ కిందికి దిగుతుంది. ఈ సంగతి తనే పది మందికి నేర్పాడు. పొద్దున కొండల్ కారులో తన చేత్తోనే నింపి మూత పెట్టాడు!

ఫోన్ తీసి వనజ చేతిలో పెట్టాడు. “కొండల్ సారుకు చెయ్యి బిడ్డా. ఘాటు దిగొద్దని చెప్పు. నాకు ఫోన్ల మాట సమజ్ గాదు.”

ఫోన్ కలవలేదు. అటంతా అడవి, సిగ్నల్ ఉండదు. బుచ్చిరాములు రోడ్డు దాకా నడిచాడు, వెనక్కొచ్చాడు, పానా తీశాడు, కింద పెట్టాడు, మళ్లీ రోడ్డెక్కాడు. వెనక సీట్లోని ముసలామె మొహం కళ్లముందు నుంచి పోవడం లేదు. పళ్లు జివ్వుమంటున్నాయంటే దుమ్మన్నాడు.

ఒంటిగంటకు కిష్టవ్వ సద్ది తెచ్చింది. విషయం విని గిన్నె మూత తియ్యకుండానే పక్కన పెట్టింది.

“నాకైతే ఐదారేండ్ల సంది సన్న సప్పుళ్లు ఇనవడ్తలెవ్వు,” అంది. “నీకు ఇనవడ్తయి గదా అని ఊకున్న. అందుకే కుక్కరు కూసిందా అని రోజు నిన్ను అడుగుతుంటి.”

“నేను వాసన జూసి చెప్తుంటినే.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెకు వినపడుతోందని అతను, అతనికి వినపడుతోందని ఆమె అనుకున్నారు. ఇన్నేళ్లు ఆ ఇల్లు ఆ భరోసా మీదే నడిచింది. కిష్టవ్వకు నవ్వొచ్చింది గానీ, అతని కళ్లు చూసి ఆపుకుంది.

వనజ ఆసుపత్రికి సెలవు చెప్పి అక్కడే కూర్చుండిపోయింది. పది నిమిషాలకోసారి కలిపి చూసింది. మూడు దాటాక అటునుంచే ఫోన్ వచ్చింది. ఆమె చెవికి పెట్టుకుంది. బుచ్చిరాములు ఎదురుగా గొంతుక్కూర్చుని ఆమె పెదవులనే చూశాడు.

“జైనూర్లనే ఆగిన్రంట. ఘాటు దిగేముందు వాళ్లవ్వ కారు దిగి కూసున్నదట, ఆ సప్పుడు పోయేదాక ఎక్కనని. అక్కడ చక్రం ఇప్పిన్రట. ఇనుముకు ఇనుము రాస్తుందట. సారు కొత్త ప్యాడ్లు ఏయిస్తున్నడు.” వనజ ఫోన్‌కు చేయి అడ్డం పెట్టింది. “నీకెట్ల ఇనవడలేదని అడుగుతుండు.”

“ఇనవడది అని చెప్పు,” అన్నాడు బుచ్చిరాములు. “బుచ్చన్నకు ఇనవడది, గలతీ అయింది, మాఫ్ చెయ్యమను.”

ఆ మాట అన్నాక అతనికి ఏడుపొచ్చింది. భయం తీరినందుకో, పేరు పోయినందుకో అతనికే తెలియలేదు.

వనజ కారుకు కొత్త ప్యాడ్లు బిగించాడు. నాలుగు చక్రాలూ విప్పి చూశాడు. తను నడపలేదు. ఆమెనే బస్టాండు దాకా పోయి రమ్మన్నాడు.

“ఇప్పుడు సప్పుడున్నదా బిడ్డా?”

“లేదన్నా. చెవుల డాక్టరు దగ్గరికి నేను తోలుకపోత. మిషన్ పెట్టుకుంటే అంతా ఇనవడ్తది.”

“చూద్దాం. ఇనవడ్డంక మల్ల చూద్దాం. అందాక ఎవరి పానం నా చేతుల వద్దు.”

చక్రాలు విప్పి చూస్తూ పని చేసుకోవచ్చు కదా అని కిష్టవ్వ అంది. చెయ్యవచ్చు. కానీ రేపు ఇంకో ముసలామె చప్పుడొస్తోందని చెబితే తను మళ్లీ దుమ్మనడని నమ్మకం ఏది? ఇరవై రెండేళ్ల పొగరు ఒక్క పూటలో దిగేది కాదని అతనికి తెలుసు. షట్టరు దించి, తాళంచెవి టైర్ల దుకాణంలో ఇచ్చాడు. అద్దెకిచ్చిన షెడ్డు యజమాని వస్తే ఇవ్వమన్నాడు. ఎన్ని రోజులకు వస్తావని దుకాణం అతను అడిగాడు. బుచ్చిరాములు అప్పటికే అటు తిరిగి నడుస్తున్నాడు, అతని పెదవులు చూడలేదు.

షట్టరు ముందు, వనజ కారు జరగకుండా వెనక చక్రం కింద పెట్టిన ఇటుక, ఒక మూల చితికి, రోడ్డు మీదే ఉండిపోయింది.