వాలు మడి అలిగింది

పరిశోధనా కేంద్రంలో అందరూ పొద్దున్నే వచ్చి ముందు హాజరు వేసుకుంటారు. గడ్డి మేడం మాత్రం స్కూటరు ఆపి, హెల్మెట్ చేత్తో పట్టుకునే నేరుగా వాలు మడి దగ్గరికి నడుస్తుంది. మట్టి ఉందో లేదో చూసుకుంటుంది. ఉంటే సంతోషం. లేకపోతే ఎక్కడ కూర్చుందో వెతుక్కోవాలి.

ఎంతో దూరం వెళ్ళేది కాదులెండి. క్యాంటీన్ మెట్ల మీదో, పంపు షెడ్డు వెనకో, ఒక్కోసారి సరిగ్గా డైరెక్టరుగారు కారు నిలిపే చోటో మూతి ముడుచుకుని కూర్చునేది. మట్టికి మూతి ఎక్కడిదని అడిగేవాళ్ళు ఆ కేంద్రంలో ఒక్కరోజు కూడా పనిచేసి ఉండరు. నేలను ఏడిపిస్తే మట్టి అలుగుతుందని అక్కడ స్వీపరు మొదలు డైరెక్టరు దాకా అందరికీ తెలిసిందే. వరి మళ్ళ మట్టి నెమ్మదస్తురాలు, ఎన్ని చేసినా పడుంటుంది. కూరగాయల మళ్ళ మట్టికి కాస్త చిరాకెక్కువ. నీళ్ళు ఆలస్యమైతే గట్టు దాకా వచ్చి నిలబడి, ఏమనుకుంటుందో ఏమో, మళ్ళీ వెనక్కి పోతుంది. వాలు మడి మట్టికి మాత్రం కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎండు కొయ్యకాళ్ళకి ఎవరో నిప్పు పెడితే అలిగింది. కొత్తగా చేరిన పురుగుల సారు మందు డబ్బా తెచ్చి దాని నెత్తిన కడిగితే వారం పాటు అలిగింది.

అలిగినప్పుడు పారలూ తట్టలూ పనికిరావు. ఎత్తి తెచ్చి పోసినా తెల్లారేసరికి మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. ఎవరో ఒకరు పక్కన చతికిలబడి బతిమాలాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ గడ్డి మేడమే.

"సర్లే, ఆయన కొత్త, తెలీక చేశాడు. ఎంతసేపని ఇలా ఎండలో? అక్కడ జొన్న వేళ్ళు బయటపడి దిక్కులు చూస్తున్నాయి. లే, పద ఇంటికి," అనేది ఆవిడ.

కాసేపు బెట్టు చేసి, మట్టి లేచి ఆవిడకంటే ముందే వెళ్ళిపోయేది.

గడ్డి మేడం అనేది వేళాకోళానికి పెట్టిన పేరు. కలుపు విభాగానికి అధికారిణి అయ్యుండి కలుపునే పెంచుతోందని. నిజానికి ఆవిడ పెంచేదేమీ లేదు. వాలుకి అడ్డంగా అక్కడక్కడ గడ్డి పట్టీలు వదిలేది. సాళ్ళ మధ్య మొలిచిన కలుపుని వేళ్ళతో సహా పీకనివ్వకుండా, గింజ పట్టకముందే కోయించి అక్కడే పరిపించేది. లోపలి వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి, పైనున్న ఆకు వాన దెబ్బను కాచుకుంటుంది. పోల్చి చూడటానికి పక్కనే ఇంకో మడి ఉండేది. మందు కొట్టి, ఒక్క మొలక లేకుండా, గుండు గీసినట్టు ఉంచిన మడి. దాన్ని శుభ్రం మడి అనేవాళ్ళు.

రెండు మళ్ళ దిగువనా సిమెంటు తొట్లు కట్టారు. వాన వెలిశాక వాటిలోకి కొట్టుకొచ్చిన మట్టిని ఎండబెట్టి తూస్తారు. వాలు మడి తొట్టిలో అడుగు కనబడుతూనే ఉండేది. శుభ్రం మడి తొట్టి గట్టి వాన పడ్డ ప్రతిసారీ నిండేది. లెక్క తప్పకుండా నివేదికలో 'వానకు పోయినది' అనే గడి పక్కనే 'అలిగి పోయినది' అని ఇంకో గడి కూడా గీశారు. శుభ్రం మడికి ఆ రెండో గడి ఎప్పుడూ ఖాళీయే. ఆ మట్టికి అలిగే ఓపిక కూడా పోయింది. నీళ్ళు ఎటు పొమ్మంటే అటు పోయేది.

వానలు ఇంకా మొదలుకాని రోజుల్లో డైరెక్టరుగారు ఆవిణ్ణి గదిలోకి పిలిచారు. కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. అప్పుడే ఆవిడకి అనుమానం వచ్చింది.

"ఒక్క సంతకం మేడం," అన్నారాయన. "కొండవాలు భూములన్నిటికీ ఇకమీదట ఇదే మన సిఫారసు. వానలకి ముందే మందు కొట్టి నేలని శుభ్రంగా ఉంచుకోవడం. రైతుకి కూలి కలిసొస్తుంది."

"కూలి కలిసొస్తుంది, నేల పోతుంది. తొట్లు చూశారుగా సార్ మీరు?"

"చూశాను. ఏ మడి ఫోటోలో బాగుంటుందో అదీ చూశాను. పై ఆఫీసువాళ్ళు ఈ వారంలోనే వస్తున్నారు. వాళ్ళు వచ్చేది తొట్లలో తలకాయలు పెట్టడానికి కాదు మేడం."

"కలుపు విభాగం సంతకం లేకుండా సిఫారసు బయటికి పోదు కదా సార్?"

"పోదు. అందుకేగా టీ ఇప్పించింది!" అని నవ్వారాయన. నవ్వు ఆపి, గొంతు తగ్గించారు. "చూడండి, మీరు సంతకం పెడితే వాలు మడి జోలికి ఎవరూ రారు. రిటైరయ్యేదాకా మీ గడ్డి మీరు కోసుకోండి. పెట్టనంటే, దాన్ని దున్నించి ప్రదర్శన మడి చేయిస్తాను. మీరు విత్తనాల గోదాముకి వెళ్ళి బస్తాలకి కాపలా కాయాల్సి వస్తుంది. మీ ఇష్టం."

ఆ మడి ఆవిడ ఉద్యోగమంతా. బోడిరాయిలా ఉన్నప్పటి నుంచీ కొద్దికొద్దిగా పేర్చుకొచ్చిన మట్టి అది. భయం వేసింది, వేయదా మరి.

"దున్నితే అది అలుగుతుంది సార్," అని మాత్రం అనగలిగింది.

"అలిగితే ఏముంది? మీరున్నారుగా!" అన్నారాయన, టీ కప్పు పక్కకి జరుపుతూ.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వచ్చినా వదల్లేదు.

ఇంట్లో అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. అలకల్లో ఆరితేరిన మనిషి ఆవిడ. అన్నం మానేసే అలక, మాట మానేసే అలక, అన్నం తింటూ మాట మానేసే అలక, అన్నీ ఆవిడకి కొట్టిన పిండి. కోడలు చెప్పిందంతా విని, "సంతకం పెడితే మడి దక్కుతుందిగా?" అంది.

"నా మడి దక్కుతుంది అత్తయ్యా. మిగతా కొండవాలు రైతులందరి మళ్ళూ పోతాయి. నా పేరు చూసి మందు కొట్టుకుంటారు, మొదటి వానకే మట్టంతా ఏట్లో కలుస్తుంది."

"అయితే పెట్టకు."

"పెట్టకపోతే దున్నేస్తారు. అది అలుగుతుంది. నేను వెళ్ళి బతిమాలి తీసుకురావాలి, వాళ్ళు నా కళ్ళ ముందే మందు కొట్టాలి."

అత్తగారు చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది. "ఒక నిజం చెప్పనా? నేనెన్నిసార్లు అలిగాను ఈ ఇంట్లో! ప్రతిసారీ నువ్వే వచ్చి బతిమాలావు. నేను అలిగింది నీ మీదా? మా వాడి మీద. నువ్వు అంత తొందరపడకుండా ఉంటే, ఆకలికి ఆగలేకో సిగ్గు పుట్టో వాడే వచ్చి, అమ్మా తప్పయింది, అనేవాడు. నీ మంచితనం అడ్డుపెట్టుకుని ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగాడు వెధవ."

లోపల గదిలో పేపరు చదువుకుంటున్న 'వాడు' ఎందుకో పేజీ తిప్పడం మానేశాడు.

మర్నాడు ఆవిడ సంతకం పెట్టనని చెప్పేసింది. సంజాయిషీ ఏమీ ఇవ్వలేదు, టీ కూడా తాగలేదు. ఆ పూటే డైరెక్టరుగారు ట్రాక్టరు పంపించారు.

ట్రాక్టరు డ్రైవరు వాలు మడి పైన బండి ఆపి, దిగి వచ్చాడు. "పైనుంచి కిందికి దున్నమన్నారు మేడం. అడ్డంగా అయితే మలుపులకి టైం పడుతుందట. ఏం చెయ్యమంటారు?"

"నీకు చెప్పింది నువ్వు చెయ్యి బాబూ. నీ మీద నాకేం కోపం లేదు."

"నా మీద దానికి ఉంటుందేమో," అని మడికేసి ఓరగా చూసి, బండెక్కాడు.

నాగలి మొదటి గడ్డి పట్టీని తెంపింది. రెండోది తెంపింది. మట్టి లేచింది. చప్పుడు లేదు, దుమ్ము లేదు. పరుపు చుట్టినట్టు ఒక అంచు నుంచి లేచి, గడ్డి దుబ్బులతో సహా నాగలి కింద నుంచి తప్పుకుని, కంకర బాట మీదుగా గేటు వైపు నడిచింది. ట్రాక్టరు ఉత్త రాయి మీద కీచుమంటూ ఆగిపోయింది.

అంతటితో అయితే ఎప్పుడూ ఉండేదే. కానీ ఈసారి కూరగాయల మళ్ళ మట్టి కూడా గట్టు దాటింది. ఎన్నడూ కదలని వరి మళ్ళది, తడి తడిగా, బరువుగా, దాని వెనకే బయల్దేరింది. ఆఫీసు వరండాలో కుండీలు ఖాళీ అయిపోయి మొక్కలు వేళ్ళు బయటపడి వేలాడాయి. అన్నిటికంటే చివర్న, నడక కొత్తయినట్టు తడబడుతూ, శుభ్రం మడి మట్టి వచ్చింది. దాన్ని చూడగానే గడ్డి మేడంకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇన్నాళ్ళకి దానికీ కోపం వచ్చింది!

అంతా కలిసి రోడ్డు దాటి, బస్సు స్టాపు పక్కనున్న ఖాళీ స్థలంలో కేంద్రానికి వీపు పెట్టి కూర్చున్నాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కాస్త జరిగి చోటిచ్చారు.

డైరెక్టరుగారు చెమటలు కక్కుతూ వచ్చారు. "మేడం, వెళ్ళి పిలవండి. రేపు పొద్దున్నే పై ఆఫీసువాళ్ళు దిగుతారు. రాయి చూపించమంటారా నన్ను?"

"నేను పిలవను సార్."

"గోదాము మాట మర్చిపోండి. ఆ బదిలీ కాగితం ఇప్పుడే చింపేస్తాను."

"నాతో కాదు సార్ చెప్పాల్సింది. అలిగింది నేను కాదు, నా మీదా కాదు. ఇన్నేళ్ళూ మీరు ఏడిపించడం, నేను బుజ్జగించి తెచ్చి మళ్ళీ మీ చేతికే అప్పగించడం. నాదీ తప్పే. ఇక చెయ్యను. మీరే వెళ్ళండి."

"వెళ్ళి ఏమనాలి?"

"తప్పయింది అనాలి. అంతకంటే ఏమీ లేదు."

ఆయన వెళ్ళారు. వెళ్ళలేదని అనలేం. కానీ మైకు పట్టుకుని వెళ్ళారు. కేంద్రం అభివృద్ధి దృష్ట్యా మట్టి అంతా సహకరించవలసిందిగా కోరారు. ఎరువుల బస్తాలు నాలుగు తెప్పించి ఎదురుగా పెట్టించారు. ఫలానా గంటలోగా రాకపోతే వేరేచోటి నుంచి లారీల్లో మట్టి తోలించుకుంటామని కూడా హెచ్చరించారు. మట్టి అటు తిరిగే కూర్చుంది. చివరికి విసుగొచ్చి, "మట్టిని క్షమాపణ అడిగే డైరెక్టరు ఎక్కడన్నా ఉంటాడా!" అని చేతులు దులుపుకుని వెనక్కి తిరిగారు. మైకు ఆపడం మర్చిపోయారు.

అప్పుడు మట్టి లేచి, వెళ్ళిపోయింది. రోడ్డు మలుపు తిరిగి, కనబడకుండా పోయింది.

పై ఆఫీసువాళ్ళు వచ్చారు, రాయి మీద నడిచారు, బూట్లకి మట్టి అంటలేదని మెచ్చుకున్నారు కూడా. కానీ కలుపు విభాగం సంతకం లేని సిఫారసు ముట్టుకోలేదు. అది ఆ ఏడాదికి ఆగిపోయింది. ఎక్కడో కొండవాలు మీద రైతులు, ఏం తప్పిందో తెలియకుండానే, ఎప్పట్లా అడ్డంగా దున్నుకున్నారు. గడ్డి మేడంకి బదిలీ మాత్రం ఆగలేదు.

"ఒక్కసారి మెత్తబడి ఉంటే ఈ బదిలీ తప్పేదేమో," అన్నాడు భర్త, పెట్టె బస్సెక్కిస్తూ.

"మెత్తబడితే నేను మిగిలేదాన్ని కాదండీ," అంది ఆవిడ.

అంత గట్టిగా అంది కానీ దారంతా కిటికీలోంచి చూడలేకపోయింది. ఎటు చూసినా దున్నిన నేలే. తన మట్టి ఏ ఏట్లో కలిసిందో, ఎవరి గోతిలో పడిందో. ఒక్కమాట పిలిచి ఉంటే వచ్చేదే కదా అని ప్రాణం విలవిల్లాడింది. పిలవనందుకు మాత్రం పశ్చాత్తాపం కలగలేదు. ఆ రెండూ ఒక్క గుండెలోనే ఎలా పట్టాయో ఆవిడకే తెలియాలి.

గోదాము అంటే రేకుల షెడ్డు, చుట్టూ ప్రహరీ, మధ్యలో కాంక్రీటు వాకిలి. గడ్డిపోచ మొలిచే సందు లేకుండా పోతపోశారని ముందే విని ఉంది. కాపలాదారు గేటు తీస్తూ, "మీ తాలూకువాళ్ళు ముందే వచ్చారు మేడం. ఎవరూ లేరు, తర్వాత రమ్మంటే వినలేదు," అన్నాడు.

కాంక్రీటు కనబడలేదు. వాకిలి నిండా మట్టి. వెనక ప్రహరీ గోడకి జారబడి, చక్కటి ఏటవాలుగా సర్దుకుని కూర్చుంది. తెగిన గడ్డి పట్టీలు వాలుకి అడ్డంగా వాటంతట అవే వరస కట్టాయి. అడుగున వరి మళ్ళ తడి, పక్కన కూరగాయల మళ్ళ ఎరుపు. ఒక వారగా, ఇంకా మొహమాటం తీరనట్టు, శుభ్రం మడి మట్టి. దాని మీద పేరు తెలియని కలుపు మొక్క ఒకటి రెండాకులు వేసింది.

గడ్డి మేడం పెట్టె కింద పెట్టి అక్కడే కూలబడింది. "నిన్నెవరు పిలిచారే? నేను పిలిచానా? బతిమాలానా?" అని తిడుతూ, ఏడుస్తూ, రెండు చేతులూ మణికట్ల దాకా అందులోకి దించింది. లోపల చల్లగా ఉంది.

సాయంత్రానికల్లా ఫోను మోగింది.

"మేడం, మట్టి మీ దగ్గరికి వచ్చిందట. అది కేంద్రం ఆస్తి. వెంటనే వెనక్కి పంపండి."

"నేను తెచ్చింది కాదు సార్, నేను పంపేదీ లేదు. కావాలంటే మీరే రండి," అంది ఆవిడ, గడ్డి దుబ్బు చుట్టూ మట్టి అదుముతూ. "వస్తే మైకు తేకండి. దూరం నడిచొచ్చింది, ఇప్పుడే కుదురుకుంటోంది."

ఫోను పక్కన పెట్టి, మళ్ళీ పనిలో పడింది.