ఎర్ర సుద్దముక్క

కుంచెలు కడగటం డ్రాయింగు మాస్టారి పొద్దుటి పని. నిన్న పిల్లలు వాటి మీదే ఎండబెట్టి పోయిన రంగుని నీళ్లలో నానబెట్టి, ఒక్కో కుచ్చునీ బొటనవేలితో నొక్కి, కొస తేలేదాకా అరచేతిలో తిప్పుతాడు. బడి గంట కొట్టేలోగా ఇది అయిపోవాలి. ఆయన పొట్టి మనిషి. జుట్టు చెవుల పైన మాత్రమే మిగిలింది. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచే ఉంటాయి. వేళ్లకి ఏదో ఒక రంగు అంటుకోని రోజు బడిలో ఎవరూ చూసి ఎరగరు. పెళ్లి ఫొటోలో కూడా ఆయన చూపుడువేలు ఆకుపచ్చగా ఉంటుందని భార్య ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వుతుంది.

ఇవాళ మాత్రం ఆయన కుంచెల ప్రాణం తోడేస్తున్నాడు. వెంట్రుకలు ఊడి నీళ్లలో తేలుతున్నా చెయ్యి ఆగటం లేదు. పొద్దున్న పేపర్లో వార్త చూసిన దగ్గర్నుంచి ఇదే వరస. చదువుకోవటానికి తీసుకున్న అప్పుల్లో ఇంకా తీరనివన్నీ ప్రభుత్వం మాఫీ చేసేసింది. తీర్చేసినవాళ్ల గురించి మాత్రం వార్త మొత్తంలో ఒక్క ముక్క లేదు. ఆయన రెండుసార్లు వెతికాడు.

"పోనీలెండి, వాళ్లయినా ఒడ్డున పడతారు" అంది భార్య, పొద్దున్న ఇంట్లో టీ గ్లాసు అందిస్తూ.

"మరి మనం?"

"మనం ఎప్పుడో పడ్డాంగా."

ఆవిడ మామూలుగానే అంది. ఆ మామూలే ఆయనకి గుచ్చుకుంది. ఆయన బొమ్మల కాలేజీ చదువు అప్పు తీరింది పోయిన చలికాలంలోనే. వాళ్లకి ఒక్కతే కూతురు. రెండో బిడ్డ మాట భార్య ఎత్తినప్పుడల్లా "ముందు ఈ బాకీ తీరనీ" అనేవాడు. తీరిన రోజున ఇద్దరూ సినిమాకి వెళ్లారు. హాల్లో చీకట్లో ఉన్నట్టుండి ఆవిడ "ఇంక మన వయసు దాటిపోయిందిలెండి" అంది. ఆయన తెరకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ మాట మళ్లీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

అదీ ఎలాగో దిగమింగుకునేవాడే, బడిలో సైన్సు మాస్టారు లేకపోతే. ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే బ్యాంకులో అప్పు తీసుకున్నారు. సైన్సు మాస్టారు కొన్నాళ్లు కట్టి, కట్టటం మానేశాడు. బ్యాంకువాళ్లు ఫోన్ చేస్తే వాళ్ల పిల్లల బాగోగులు కనుక్కుని పెట్టేసేవాడు. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఒకడి తర్వాత ఒకడు, తీరుబడిగా పుట్టారు. తల నిండా జుట్టు. బడి పిల్లలకి ఆయనంటే ప్రాణం. ఇందులో ఏ ఒక్కటైనా అయితే డ్రాయింగు మాస్టారు పెద్దమనసు చేసుకునేవాడు. అన్నీ కలిపి ఒక్కడికే రాసిపెట్టి ఉండటం మాత్రం ఆయన వల్ల కాలేదు.

రెండో పీరియడు తొమ్మిదో తరగతి. 'పరుగు' అని పిల్లలు పేరుపెట్టిన అమ్మాయి ఇవాళ కూడా ఆలస్యంగానే, ఆయాసపడుతూ వచ్చి కిటికీ పక్కన తన చోట కూర్చుంది. సన్నటి పొడుగు పిల్ల. గీత గీసిందంటే రబ్బరు ముట్టుకోదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అలాంటి చెయ్యి ఆయన చూడలేదు. ఆ సంగతి ఆ అమ్మాయికి తప్ప అందరికీ చెప్పాడు. తల్లి లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగి ఇంటికి చేరేదాకా చంటి తమ్ముణ్ణి వదిలి రాలేదని, ఒకసారి బొమ్మకి నీడలు వేస్తూ ఆ పిల్లే చెప్పింది.

ఆలస్యాల మీద ఆ అమ్మాయికి మూడు హెచ్చరికలూ అయిపోయాయి. ఆ పైన బడిలోంచి పేరు కొట్టేయాలని కొత్త నిబంధన. ఉంచాలా పంపాలా అన్నది సాయంత్రం టీచర్లంతా కూర్చుని తేల్చాలి.

"సైన్సు సార్ నా తరఫున మాట్లాడతానన్నారు సార్" అంది అమ్మాయి, ఆయన పక్కకి వచ్చి నిలబడగానే.

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"మీకు తెలుసు కద సార్. మీకు మళ్లీ చెప్పటమేంటి అనుకున్నా."

ఆ రెండో మాట ఆయన చెవికి ఎక్కలేదు. సైన్సు సార్ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. తన గదిలో, తన రంగులతో బొమ్మలు వేసుకునే పిల్ల కష్టం చెప్పుకోవటానికి అతని దగ్గరికి పోయింది. మెచ్చుకోవాల్సిన బొమ్మని మెచ్చుకోకుండానే పక్క బెంచీకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో పెద్ద కేకు. తెచ్చిందెవరో వేరే చెప్పక్కర్లేదు. సైన్సు మాస్టారే స్వయంగా ముక్కలు కోసి కాగితాల్లో పెట్టి అందరికీ ఇచ్చాడు.

"కట్టినవాళ్లం వెర్రివాళ్లమన్నమాట" అన్నాడు లెక్కల మాస్టారు, కేకు తింటూనే.

"అయ్యో, నేనేమన్నా అర్జీ పెట్టానా అండీ? ఇచ్చారు, పుచ్చుకున్నా. మీరు ఇబ్బంది పడ్డారని నన్ను కూడా పడమంటారా?"

"అందరూ మీలాగే కూర్చుంటే బ్యాంకులు మూసుకోవాల్సిందే" అంది చరిత్ర మేడమ్.

"మూసుకోలేదుగా మేడమ్. ఇంకో ముక్క వెయ్యనా?"

అందరూ నవ్వారు. డ్రాయింగు మాస్టారు కూడా నవ్వాడు. కేకు బాగుంది. అది బాగుండటం ఆయనకి ఇంకా కష్టంగా ఉంది.

ఆఖరి గంట అయ్యాక మీటింగు మొదలైంది. హెడ్‌మిస్ట్రెస్ పెద్ద మేడమ్ అందరి వాదనలూ విన్నారు. ఇవాళ ఒకర్ని వదిలేస్తే రేపట్నుంచి బడంతా తీరిగ్గా తయారవుతుందని చరిత్ర మేడమ్ అంది. టైముకి వచ్చే పిల్లలు వెర్రివాళ్లా అని లెక్కల మాస్టారు అడిగాడు. సైన్సు మాస్టారు లేచి, ఆ పిల్ల పొద్దున్న బడికి రాకముందే ఒక పూట పని చేసి వస్తోందని, తప్పంటూ ఉంటే పసివాణ్ణి ఒంటరిగా వదిలి రాకపోవటమేనని, ఒక్కసారి క్షమిస్తే బడి గోడలు కూలిపోవని చక్కగా చెప్పాడు. డ్రాయింగు మాస్టారు చెప్పగలిగిన మాటలే అవన్నీ. ఆయనకే ముందు తెలిసిన మాటలు.

ఇలాంటివాటికి పెద్ద మేడమ్ చేతులెత్తించరు. పక్కవాడి చెయ్యి చూసి ఎత్తుతారని ఆవిడ అనుమానం. అందుకని బీరువా వెనక రెండు గిన్నెలు పెట్టిస్తారు. ఒకదాంట్లో తెల్ల సుద్దముక్కలు, ఇంకోదాంట్లో ఎర్రవి. ఒక్కొక్కరే వెళ్లి ఒక ముక్క తీసుకుని, మూతకి బెజ్జం పెట్టిన డబ్బాలో వేసి రావాలి. తెల్లదైతే క్షమించినట్టు, ఎర్రదైతే పంపించినట్టు.

తన వంతు వచ్చి డ్రాయింగు మాస్టారు బీరువా వెనక్కి వెళ్లాడు. అమ్మాయి ఎటూ ఉంటుంది. దాన్ని పంపించాలని ఈ గదిలో నిజంగా ఎవరికుంది? ఎంత మాట్లాడినా చరిత్ర మేడమ్‌ది మెత్తని మనసు. కానీ డబ్బా బోర్లించినప్పుడు ఆ తెల్లటి వాటి మధ్య ఒక్క ఎర్రముక్క కనపడాలి. అది సైన్సు మాస్టారి కంట పడాలి. అడిగిందల్లా ఊరికే దొరకదని ఒక్కసారి, ఒక్క ముక్కంత అయినా తెలియాలి. ఆయన ఎర్రది తీసుకుని డబ్బాలో వేశాడు. వేశాక పొద్దుట్నుంచీ మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

పెద్ద మేడమ్ డబ్బా బల్ల మీద బోర్లించారు. నాలుగు తెల్లవి, ఐదు ఎర్రవి.

ఐదంటే ఎలా అని డ్రాయింగు మాస్టారు మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. తలెత్తి చూస్తే లెక్కల మాస్టారు గబుక్కున చెయ్యి జేబులో పెట్టుకున్నాడు, జేబు అంచుకి ఎర్రగా అంటింది. చరిత్ర మేడమ్ చేతిరుమాలు మడతల్లో వేళ్లు దాచుకుంది. ఇంకో ఇద్దరు బల్ల కింద వేళ్లు తుడుచుకుంటున్నారు. అందరూ అప్పు కట్టినవాళ్లే. అందరి మొహాల్లోనూ ఒకటే ఆశ్చర్యం. తన ఒక్కడిదే అనుకున్న ఎర్రముక్కకి ఇంతమంది తోబుట్టువులున్నారు.

"మేడమ్, మళ్లీ ఒక్కసారి వేయిద్దాం" అన్నాడు సైన్సు మాస్టారు. ఆయన గొంతులో సరదా అంతా ఎక్కడికో పోయింది.

"మీరు అడిగితే కుదరదు మాస్టారూ, మీ మాట విన్నాం. ఇంకెవరైనా ఒక్కరు అడగండి, వేయిస్తాను" అని పెద్ద మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. అలా కావాలనే చాలాసేపు తుడిచారు.

మనసు మార్చుకోవాల్సింది ఎర్రవి వేసినవాళ్లే కదా అని తెల్లవి వేసినవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఎర్రవి వేసినవాళ్లు అడిగితే అందరి కళ్లూ ముందు వాళ్ల వేళ్ల మీదికే పోతాయి. అందుకే ఆ నలుగురూ నోరు మెదపలేదు. డ్రాయింగు మాస్టారికి ఆ భయం కూడా లేదు. ఆయన వేళ్లకి రంగుంటే ఎవరు పట్టించుకుంటారు? మళ్లీ వేద్దామండీ, అంటే చాలు. మాట నాలిక చివరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే సైన్సు మాస్టారు ఆశగా ఆయన వైపు తిరిగి చూశాడు. ఆ జుట్టు, ఆ కళ్లు, రేపు స్టాఫ్ రూములో మళ్లీ అందరికీ ఏదో ఒకటి పంచిపెట్టే ఆ చేతులు. ఒకే రోజు రెండుసార్లు ఇతన్నే గెలిపించాలా అనిపించింది. నాలిక చివర మాట అక్కడే ఆగింది. పెద్ద మేడమ్ కళ్లద్దాలు పెట్టుకున్నారు.

వరండాలో సైన్సు మాస్టారు ఆయన్ని కలుసుకుని భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు తెల్లదే వేసుంటారు మాస్టారూ. ఆ పిల్లకి మీరంటే ఎంత గురో నాకు తెలుసు. మీ దగ్గరికి వెళ్లి చెప్పుకోమ్మా అంటే, ఆయనకి చెప్పక్కర్లేదు సార్, ఆయన నా వైపే ఉంటారు అంది."

డ్రాయింగు మాస్టారు తల ఊపాడు. ఆ ఊపటానికి అర్థం ఏమిటో ఆయనకే తెలియదు. పొద్దున రెండో పీరియడులో చెవికెక్కని మాట ఇప్పుడు పూర్తిగా ఎక్కింది. తనకి తెలియకుండానే తనకొకటి ఊరికే దొరికింది, దాన్ని తనే చేజేతులా పారేసుకున్నాడు.

ఆయన తన గదికి వచ్చేసరికి అమ్మాయి సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎవరో అప్పుడే చెప్పేసినట్టున్నారు. ఏడవలేదు.

"బొమ్మ తీసుకెళ్లనా సార్? సగమే అయింది."

"తీసుకెళ్లమ్మా." ఆ పిల్ల కిటికీ దగ్గరికి వెళ్లి అట్ట మీంచి కాగితం తీసి చుట్టుకుంది.

"లాండ్రీలో పగటి డ్యూటీకి మనుషులు కావాలన్నారట. బడిలో పేరు కొట్టేస్తే రేపట్నుంచే రమ్మని అమ్మ ముందే చెప్పింది." ఒక్క క్షణం ఆగి, "వెళ్లొస్తాను సార్" అంది.

ఆ పిల్ల వరండా దాటింది. ఇంక ఆలస్యమయ్యేది ఏమీ లేదు కనక మెల్లగా నడిచే వెళ్లింది. గేటు దాకా ఆయన కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత చేతులు కడుక్కున్నాడు. ఎర్రదనం పోయింది, గోళ్ల మూలల్లో ఉన్నది మాత్రం పోలేదు. తలుపు వేయబోతూ బెంచీల మీద ఏమన్నా మర్చిపోయారేమోనని అలవాటుగా చూశాడు. కిటికీ పక్క అట్ట మీద కాగితం లేదు. జారిపోకుండా ఆ కాగితానికి పెట్టిన నీలంరంగు జుట్టు క్లిప్పు ఒక్కటే, ఒట్టి అట్టని గట్టిగా పట్టుకుని ఉంది.