చర్చి గుమ్మం దగ్గర జోళ్ళు

మా అమ్మాయి అక్సా చర్చికి రావడం మానేస్తానని చెప్పింది క్రిస్మస్ వెళ్ళిన కొన్నాళ్ళకి. పోట్లాడి చెప్పలేదు. టోస్టు మీద వెన్న రాసుకుంటూ, ఏదో జిమ్ మానేస్తున్నట్టు చెప్పింది.

ఇంగ్లీషు దేశంలో మేముండే హేస్ ఊళ్ళో మా తెలుగు లూథరన్ సంఘం ఏమంత పెద్దది కాదు. ఇంగ్లీషు వాళ్ళ చర్చి వెనకాల హాలు తీసుకుని, పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం మేం కూడుకుంటాం. గుంటూరు, తెనాలి, రేపల్లె మనుషులం. ఆడవాళ్ళలో సగం మంది నర్సులు. మొగవాళ్ళలో సగం మంది నాలాగా పెళ్ళాల వీసా పట్టుకుని వచ్చినవాళ్ళు. ఒక పిల్ల ఒక ఆదివారం రాకపోతే టీ చల్లారేలోపు అందరికీ తెలిసిపోతుంది. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఇక్కడ ఎయిర్‌పోర్టు పక్కన కార్గో షెడ్డులో పెట్టెలు ఎత్తి దించుతాను. షెడ్డులో నాకు పేరు లేదు, "మేట్" అంటారు, అందరినీ అలాగే అంటారు. ఆ హాల్లో మాత్రం నేను షాలేమ్ రాజు గారిని, సంఘ పెద్దని. నా కూతురే రాకపోతే ఇక ఆ పెద్దరికం ఎందుకు?

నెలరోజులు అరిచాను. అరిచిన కొద్దీ పిల్ల గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. చివరికి మా ఆవిడ ఎలిజబెత్ రాజీ కుదిర్చింది. వార్డులో మందు మింగనని మొండికేసే ముసలాళ్ళని ఒప్పించడం ఆమెకి అలవాటే. ఈస్టర్ సెలవుల్లో ముగ్గురం జర్మనీ వెళ్ళాలి, మా సంఘానికి మూలపురుషుడైన లూథర్ గారు బోధించిన విటెన్‌బర్గ్ ఊరికి. అక్కడ ఒక రోజంతా అక్సా మాతో మనసు పెట్టి తిరగాలి. అప్పటికీ చర్చికి రానంటే మేం ఇక అడగకూడదు.

"ప్రామిస్?" అంది అక్సా.

"ప్రామిస్," అన్నాను. ఆ ఊరు చూస్తే రాయైనా కరుగుతుందని నా ధీమా.

బెర్లిన్ నుంచి రైల్లో దిగేసరికి ఆదివారం పొద్దెక్కింది. స్టేషన్ బయట గైడు కోసం చూస్తుంటే అక్సా నవ్వింది. "గైడ్ ఎందుకు డాడ్? ఫోన్‌లో ఉంది." ఫోన్‌లో ఊరి పటం, దాని మీద చూడాల్సిన చోట్లకి అంకెలు, వాటి మధ్యలో మెల్లగా కదిలే నీలం చుక్క. ఆ చుక్క మేమేనట. అంకె దగ్గరికి వెళ్ళి నిలబడితే ఫోన్ దాని కథ చెబుతుంది. పిల్ల చెవిలో పెట్టుకుని విని మాకు చెప్పాలి. ఎవరికి వాళ్ళు తిరిగే టూరు. దారి తప్పితే తిట్టడానికి కూడా మనిషి ఉండడు.

మొదటి అంకె ఒక పెద్ద ఓక్ చెట్టు.

"పోప్ పంపిన లెటర్‌ని లూథర్ ఇక్కడే బర్న్ చేశాడంట," అంది అక్సా.

నేను టోపీ తీశాను. "ఈ చెట్టు కిందేనా?"

"కాదు. ఆ చెట్టు పోయింది. ఇది తర్వాత పెట్టారు."

"తర్వాతంటే?"

"త్రీ హండ్రెడ్ ఇయర్స్ తర్వాత."

టోపీ మళ్ళీ పెట్టుకున్నాను. రెండో అంకె లూథర్ గారు కాపురమున్న ఇల్లు. చుట్టూ ఇనప గొట్టాలు కట్టి మరమ్మతులు చేస్తున్నారు, లోపలికి పోనివ్వరు. ఎలిజబెత్ గోడ మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. నేను మాత్రం పిల్ల మొహమే చూస్తున్నాను. పొద్దుటినుంచీ నాకు అదే పని. కళ్ళల్లో ఎక్కడైనా ఒక మెరుపు కనబడుతుందేమోనని.

కనబడింది కూడా. చెవిలో విన్నది విని ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది. "డాడ్! లూథర్ వైఫ్ నన్ అంట! కాన్వెంట్ నుంచి పారిపోయింది, చేపల బండిలో దాక్కుని! షీ జస్ట్ లెఫ్ట్!"

ఆ సంబరం అలా వదిలేస్తే సరిపోయేది. నా నోరు ఊరుకోదు. "పారిపోయి ఏం చేసింది? పాస్టర్ గారిని చేసుకుని బుద్ధిగా చర్చికి పోయింది. అది నేర్చుకో."

చెయ్యి వదిలేసింది. ఎలిజబెత్ నా వైపు చూసిన చూపు రాయదగింది కాదు.

ఊరి మధ్యలో పెద్ద చర్చి వచ్చింది. లూథర్ గారు ఏళ్ళ తరబడి నిలబడి వాక్యం చెప్పిన చోటు. గుమ్మం చూడగానే టోపీ మళ్ళీ తీశాను. వంగి బూట్లు విప్పాను. హేస్ హాల్లో కూడా మేం వరండాలో జోళ్ళు విడిచే లోపలికి పోతాం, మా నాన్న కాలం నుంచీ అంతే. ఎలిజబెత్ కూడా చెప్పులు విడిచి కొంగు తల మీదికి లాక్కుంది.

అక్సా కదల్లేదు. "డాడ్, ఎవ్వరూ తియ్యట్లేదు. చూడు."

నిజమే, జనం బూట్లతోనే పోయి వస్తున్నారు. "వాళ్ళకి తెలవదు. నువ్వు తియ్యి."

"ఇట్స్ ఫ్రీజింగ్."

"ఆయన నిలబడ్డ చోట బూట్లతో నడుస్తావా? మనసు పెట్టి తిరుగుతానంటివి గదా, ఇదేనా మనసు పెట్టడం?"

ఆ మాటకి విప్పింది. కొత్త తెల్ల ట్రైనర్లు. శనివారాలు కాఫీ షాపులో కప్పులు కడిగి కొనుక్కున్నవి. మెట్టు పక్కన మూడు జతలూ వరసగా, ముక్కులు గోడవైపు పెట్టి సర్దాను.

లోపల రంగుల బొమ్మలున్న బల్లపీఠం ముందు మోకరించాను. పాతికేళ్ళ చాకిరీ ఒక్క క్షణం మర్చిపోయాను. పక్కన అక్సా చలికి పాదం మీద పాదం వేసుకుని నిలబడింది. జర్మన్ ముసలమ్మ ఒకామె పిల్ల సాక్సుల వైపు చూసి పక్కామెతో ఏదో అంది.

బయటికి వచ్చేసరికి రెండు జతలే ఉన్నాయి.

మెట్ల చుట్టూ వెతికాను, పొదల్లో వెతికాను. చర్చిలో కార్డులు అమ్మే ఆవిడ వచ్చి సంగతి విని, ఇంగ్లీషులో అక్సాకి ఏదో చెప్పింది. పిల్ల నవ్వింది. మంచి నవ్వు కాదు.

"ఏంటంటుంది?"

"ఇక్కడ వాళ్ళకి వద్దనుకున్నవి నీట్‌గా సర్ది గుమ్మం పక్కన పెడతారంట. కావాల్సిన వాళ్ళు తీసుకెళ్తారు. ఫ్రీగా. ఎవరో అట్లా అనుకుని తీసుకున్నారు."

"మరి నావి, మీ అమ్మవి?"

"అవి ఎవరికీ వద్దు డాడ్."

ఎలిజబెత్‌కి ఎందుకో నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "పదండి, కొత్తవి కొందాం," అన్నాను. బజారంతా తిరిగాం. ఏ కొట్టుకి చూసినా తాళం. జర్మనీలో ఆదివారం కొట్లు తియ్యరట. హేస్‌లో ఆదివారం జనం చర్చికి తప్ప అన్నిటికీ పోతారు, కొట్లన్నీ తెరిచే ఉంటాయి. ఇక్కడేమో ప్రభువు దినాన్ని పాటిస్తున్నారు, సరిగ్గా నా పిల్ల వట్టి కాళ్ళతో ఉన్న రోజున!

నా బూట్లు విప్పి దాని ముందు పెట్టాను. "వేసుకో."

"నువ్వు?"

"వేసుకోవే అంటే!"

పడవల్లాంటి నా షెడ్డు బూట్లలో అది టకటకమని నడుస్తుంటే, నేను సాక్సులతో రాళ్ళ వీధిలో నడిచాను. ప్రతి రాయీ కాలికి తెలిసింది. ఫొటోలు తీసుకుంటున్న పిల్లలు ఆపి మరీ నన్ను చూశారు.

"స్టేషన్‌కి వెళ్ళిపోదాం డాడ్, ప్లీజ్."

"అసలు తలుపు చూడకుండానా? పద."

అసలు తలుపంటే లూథర్ గారు పోప్‌ని ఎదిరిస్తూ తన మాటలు కాగితం మీద రాసి మేకులు కొట్టారని మేం చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నది. టూరులో చివరి అంకె అదే. కోట పక్కన చర్చికి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే కంచు తలుపు.

"చెక్కది ఏదీ?"

అక్సా చెవిలో విని మెల్లగా చెప్పింది. "కాలిపోయింది. ఎప్పుడో వార్‌లో." నా మొహం చూసి, "సారీ డాడ్," అంది. తలుపు కాలిపోవడం తన తప్పయినట్టు.

ఆ సారీతో నాకు ఆశ పుట్టింది. "లోపల ఆయన సమాధి ఉంది. రా. బూట్లతోనే రా, ఏం ఫర్వాలేదు."

అది తల అడ్డంగా ఊపింది. "మీరు వెళ్ళిరండి. అమ్మ చెప్పులు నేను చూస్తా."

లోపల సమాధి ముందు ఎలిజబెత్ ఏడుస్తూ ప్రార్థన చేసుకుంది. నేను "ప్రభువా, నా పిల్ల..." అని మొదలుపెట్టి ముందుకి పోలేకపోయాను. మనసు మార్చమని అడగాలో, నా కోపం తీసెయ్యమని అడగాలో తెలియలేదు. కాళ్ళు మాత్రం మంటలు పుడుతున్నాయి.

బయటికి వచ్చి దాని పక్కన మెట్టు మీద కూలబడ్డాను. అమ్మ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"డాడ్, ఐ డిడ్ ట్రై. నిజంగా."

"తెలుసు."

"బట్ ఇట్స్ స్టిల్ నో."

"జోళ్ళు పోయాయనేగా?"

"కాదు. షూస్ ముందే నో. అక్కడ నువ్వు నీల్ డౌన్ అయినప్పుడు చాలా హ్యాపీగా కనిపించావు. నాకు ఏమీ అనిపించలేదు. చలి వేసింది, అంతే. ఏమీ అనిపించకుండా ప్రతి సండే వచ్చి నిలబడితే నీకు అబద్ధం చెప్పినట్టే కదా?"

వంద మాటలు నోటిదాకా వచ్చాయి. నేను తిన్న తిట్లూ, మోసిన పెట్టెలూ, దాని కోసమేనన్న మాటా. ప్రామిస్ అన్నది నేను. రోజంతా మాట తప్పకుండా నా వెనక తిరిగింది అది. "లే, రైలుకి టైమైంది," అని మాత్రం అన్నాను.

హేస్ తిరిగొచ్చాక మరుసటి ఆదివారం అక్సా పడుకునే ఉంది. లేపుదామని ఎలిజబెత్ దాని గది దాకా వెళ్ళి, నా వైపు చూసి వెనక్కి వచ్చింది.

హాల్లో అందరి ముందూ మా పాస్టరు ప్రేమ్‌నాథ్ అయ్యగారు అడగనే అడిగారు. "అక్సమ్మ ఏది రాజుగారూ? జర్మనీలో చూసినదాని మీద దానితో సాక్ష్యం చెప్పిద్దామనుకున్నానే!"

"జ్వరం అయ్యగారూ," అంది ఎలిజబెత్ టక్కున.

జర్మనీ వెళ్ళకముందైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇంకా రెండు జబ్బులు కలిపి మరీ చెప్పేవాణ్ణి.

"జ్వరం ఏమీ లేదండి. ఇక రానంది. నేను సరేనన్నాను."

ఎలిజబెత్ నా మోచేతి దగ్గర గిల్లింది. ముందు వరసలో సుగుణ ఆంటీ వెనక్కి తిరిగి, "అయ్యో, పిల్ల కోసం అందరం ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం అన్నా," అంది.

"పెట్టుకోండమ్మా, వద్దనను. ఫోన్లు చేసి దాన్ని మాత్రం అడగబాకండి. ఎవరు అడిగినా నాతో మాట్లాడాల్సి వచ్చుద్ది."

నా గొంతు నాకే పెద్దగా వినపడింది. అయ్యగారు నా వైపు ఎగాదిగా చూసి, కళ్ళజోడు తుడుచుకుని కీర్తన నంబరు చెప్పారు. అందరూ లేచారు. నేనూ లేచి పుస్తకం తెరిచాను. కోపం ఎవరి మీదో తేలక, పాట సగమయ్యేదాకా పేజీలు తిప్పుతూనే ఉన్నాను.